కాల్చేసిన చిప్పును తిరిగి ఎక్కడినుంచి తేవాలి?

పరిపాలనాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: "పాతది ఇస్తేనే కొత్తది" అను తమ ఉత్తర్వు నుండి ప్రొటీను చిప్పులకు మినహాయింపు కోరుట గురించి. ఈరోజే.

1. నేను తమ ఆసుపత్రి ప్రొటీను ల్యాబులో టెక్నీషియనుగా పనిచేయుచున్నాను. బల్బులు, చీపుర్లు మాయమగుచున్నందున, పాతది అప్పగించనిదే స్టోరులో కొత్తది ఇవ్వరాదని తాము ఉత్తర్వు జారీ చేసియున్నారు. బల్బుల వరకు అది సబబే.

2. మా చిప్పు బల్బు కాదు. వేలెడంత ప్లాస్టిక్ పలక. రోగి ఒంటి నుంచి తీసిన నలుసును అందులోని సన్నటి కాలువల్లో కరిగించి, ప్రొటీన్లను తుంచి, కడిగి, మాస్ స్పెక్ట్రోమీటరుకు అందిస్తుంది. ఆ యంత్రం తునకల బరువు తూచి అది ఏ ప్రొటీనో చెబుతుంది. ఒకరికి వాడిన చిప్పు ఇంకొకరికి పనికిరాదు. వాడిన వెంటనే కాల్చివేయవలెనని మరో ఉత్తర్వు. దాని కింద ఉన్నదీ తమ సంతకమే.

3. కాల్చినదాన్ని ఎలా తేవాలని స్టోర్‌కీపరును అడగగా, "బూడిదైనా పట్రా, రాసుకుంటాను" అని సెలవిచ్చారు. పట్టుకెళ్లాను. "ఇది చిప్పు బూడిదేనని గ్యారంటీ ఏంటి?" అన్నారు.

4. ప్రస్తుతము ఫ్రీజరులో ఆవగింజలో సగమంత నలుసు ఒకటి ఉన్నది. అది మా వదిన గుండె నుంచి తీసినది. అక్కడ ఏదో ప్రొటీను పేరుకుపోతోంది. అదేదో తేలితే తప్ప డాక్టరు మందు మొదలుపెట్టలేరు; ఒక రకం మందు ఇంకో రకానికి పనిచేయదు. మామూలు గొట్టాల్లో చేస్తే ఉన్న కాస్తా గోడలకే అంటుకుపోతుంది. ఇంకో ముక్క తీస్తే ఆమె తట్టుకోదని చెప్పేశారు.

5. అమ్మ పోయాక నన్ను సాకింది ఆ వదినే. పొద్దున వార్డుకి వెళ్తే, దిండ్లకు ఆనుకుని, "ఒరేయ్ చిన్నోడా, నా గుండెలో ఏముందో తెలుసుకోడానికి మీ ఆఫీసరు సంతకం కావాలా?" అని నవ్వింది. నవ్వేసరికి ఆయాసం ముంచుకొచ్చింది. నాకు నవ్వు రాలేదండీ. భయం వేసింది.

6. చిప్పుల పెట్టె సీలు కూడా విప్పకుండా తమ గది పక్కనున్న స్టోరులోనే ఉంది. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను. జీతం ఆపుకోండి. ఒక్కటి ఇప్పించండి.

కావున, పై విషయములు ఈ పూట గడవకముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు (ప్రస్తుతానికి),
ప్రొటీను ల్యాబు టెక్నీషియను

తా.క.: తాము మీటింగులో ఉన్నారనీ, సాయంత్రం దాకా లోపలికి పంపననీ అటెండరు అన్నాడు. స్టోరు తాళం పగలగొట్టాను. ఎవరూ సాయం రాలేదు, తప్పంతా నాదే. వదిన నలుసు ఇప్పుడు చిప్పులో ఉంది. సస్పెండు చేయండి, పోలీసులను పిలవండి, ఎక్కడికీ పారిపోను. ల్యాబు తలుపు మాత్రం బాదకండి. బల్ల అదిరి కాలువలో గాలిబుడగ పడితే అంతా గంగపాలే. అందుకే ఈ కాగితాన్ని తలుపుకే అంటిస్తున్నాను, బయటే నిలబడి చదువుకోండి. పనయ్యాక నేనే తలుపు తీస్తాను. తర్వాత మీ ఇష్టం. ముందు ఒక్కసారి వార్డుకు వెళ్లి, వదినకు ఆ ప్రొటీను పేరు చెప్పి రానివ్వండి.