పెద్ద మీటరుకు చోటు

అమ్మాయీ, తప్పులుంటే నవ్వకు, నువ్వు నేర్పిన అక్షరాలే. నా రాత నత్తనడక, ఆటో అప్పుడే గుమ్మం ముందుకు వచ్చేసింది.

గ్యాసు మేస్త్రీ రేపు పొద్దున వస్తాడు. అంతవరకు కొత్త గీజరూ పొయ్యీ ఒకేసారి వెలిగించకు. మన పైపు సన్నం, మీటరు చిన్నది, రెండింటికీ చాలదట. మంట కుంగి ఆరిపోతే గ్యాసు ఇల్లంతా నిండుతుందట. పాపకు నీళ్లు పొయ్యి మీదే కాచు.

పెద్ద మీటరుకు వంటింట్లో చోటు లేదు. మొన్న వచ్చినప్పుడు మేస్త్రీ కొలిచి కొలిచి నా గది గోడ దగ్గర ఆగాడు. "పెద్దమ్మా, ఇక్కడెవరన్నా పడుకుంటారా? పడకగదిలో పెట్టనివ్వరు" అన్నాడు. "ఎవరూ పడుకోరు నాయనా, నువ్వు కానీ" అన్నాను. నిన్న ఆ మాట మీ ఇద్దరికీ చెప్పాను. హాల్లో పడుకోమని ఒక్కరన్నా అంటారేమోనని మీరు పడుకునేదాకా చూశాను. మీ ఆయన "ముసలమ్మ అలిగింది" అంటాడు. అలగలేదని చెప్పు.

మంచం మడిచి పెట్టాను.

ఆ గది కిటికీ బిగుసుకుపోయిందని ఏళ్లతరబడి మొత్తుకున్నాను. ఇప్పుడన్నా బాగుచేయించండి, మీటరుకు గాలి ఆడాలట.

మీ అత్త, అరవై ఎనిమిదేళ్లు, ఇకనుంచి చెల్లెలింట్లో.