దండ తీయని ట్రాక్టర్

నవనీత వదినకు,

ఫోన్‌లో మీ గొంతు వినే ధైర్యం లేక లింగాల నుంచి రాస్తున్నాను. ఆ రోజు మన ఇళ్ల వెనక పెరడు చదును చేద్దామని కొత్త మినీ ట్రాక్టర్ ఎక్కాను. బీచుపల్లి గుడిలో పూజ చేయించి వేసిన బంతిపూల దండ నా కళ్లకు అడ్డంగా వేలాడుతోంది. తీసెయ్యమని మా ఆవిడ వసంత ఎంత చెప్పినా, అది ఎండి దానంతటదే రాలాలని మొండికేశాను. దారి కనబడక మీ స్నానాల గది గోడను గుద్ది కూల్చేశాను. అప్పుడు మీరు లోపల తలకు పోసుకుంటున్నారు.

"ఏంది తమ్మీ, కండ్లు కనిపిస్తలేవా?" అన్న మీ కేక వినగానే, క్షమించమని కూడా అనకుండా బండి అక్కడే వదిలేసి లింగాలకు పారిపోయి వచ్చాను.

ఇప్పుడు మీరు ఆ ట్రాక్టర్‌కే చీర అడ్డంగా కట్టి, దాని చాటున స్నానం చేస్తున్నారని వసంత ఫోన్‌లో చెప్పింది. ఈ ఉత్తరం తెచ్చిన కురుమయ్య మేస్త్రీ గోడ కడతాడు. అందాకా బండిని కదపనీయకండి. దండ మాత్రం తీసి పారేయండి.

గోడ లేచాక నేనొస్తాను, వీధి మలుపు నుంచే కేకలేసుకుంటూ.

మీ మరిది