పై పడక ఎవరిది

మార్చి 3, సోమవారం

ముందే చెబుతున్నాను, నా రాత బాగోదు. కోడి కెలికినట్టు ఉంటుంది. తప్పులు కూడా చాలా ఉంటాయి. చిన్నప్పుడు మా ఊళ్ళో మిషన్ బడికి కొన్నాళ్ళు వెళ్ళాను, అంతే. ఆ తర్వాత పెన్ను పట్టే అవసరం రాలేదు. చదివేవాళ్ళు క్షమించాలి. చదివేవాళ్ళంటూ ఎవరూ లేరు. అయినా క్షమించాలి.

మనవరాలు బ్వేనా నోట్సులో సగం పేజీలు మిగిలాయి. ఊరికే పోతాయెందుకు, నువ్వు రాసుకో తాతా అంది. అందుకే రాస్తున్నాను.

పోయిన నెల పెద్ద పోటు వచ్చినప్పుడు మా ఇంటి వెనక గట్టు కూలింది. ఇల్లు సగం దీవి లోపలి సముద్రపు మడుగులోకి జారిపోయింది. మనుషులకు ఏమీ కాలేదు. దేవుడి దయ. ఇప్పుడు మా అక్క తరాయా ఇంట్లో చాపలు పరుచుకుని ఉంటున్నాం. నేను, కూతురు రెరేయా, అల్లుడు కౌతునా, బ్వేనా.

ఇక్కడ మా దీవిలో, ఎయిటా ఊళ్ళో రోడ్డుకీ మడుగుకీ మధ్య మాకు మిగిలిన నేల చాలా తక్కువ. నాలుగు పెద్ద చాపలు పరిస్తే నిండిపోతుంది. అటు వైపు మా పినతండ్రి పిల్లలది, ఇటు వైపు కూడా వాళ్ళదే. ఆ కాస్త నేల మీదే కొత్త ఇల్లు కట్టాలి.

నలుగురికి చోటు చాలకపోతే నేను అబయాంగ్ దీవికి, మా తమ్ముడి కొడుకు దగ్గరికి వెళ్తానని చెప్పాను. నాకు ఎక్కడైనా ఒకటే అన్నాను.

ఒకటే కాదు. బ్వేనా లేని చోట నాకు నిద్ర పట్టదు. ఇక్కడ రాస్తే ఎవరికీ తెలియదు కదా.

మార్చి 5

కౌతునా చాలా ఏళ్ళు సరుకు ఓడల్లో పనిచేశాడు. క్యాబిన్లో నలుగురు మగాళ్ళం ఉండేవాళ్ళం మామయ్యా, ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలేది కాదు, అంటాడు. ఇల్లు కూడా అలాగే కడతాడట. మంచం కింద సొరుగులు. గోడకు మడిచి పెట్టే బల్ల. మెట్ల కింద బియ్యం బస్తా. కుర్చీలు అసలు వద్దు, మనం ఎప్పుడు కూర్చున్నాం గనక అన్నాడు. అది నిజమే.

పొద్దున గులకరాళ్ళ మీద కొబ్బరి తాడు పరిచి ప్లాన్ గీశాడు. ఇల్లు ఎంత ఉంటుందో అంత. బ్వేనాని ఒక్కో చోట పడుకోబెట్టి చూశాడు. ఇది అమ్మ చోటు, ఇది తాత చోటు అంటుంటే పిల్ల వెళ్ళి అక్కడ కళ్ళు మూసుకుని గురక పెట్టేది. నా చోటుకి వచ్చేసరికి ఇంకా గట్టిగా పెట్టింది. నేను అంతగా పెడతానా?

రెరేయా చేపలు కడుగుతూ చూసి, ఇల్లు కడుతున్నావా, సూట్‌కేసు సర్దుతున్నావా అని మొగుణ్ణి అడిగింది.

నాకూ ఒక చోటు గీశాడు. అడగకుండానే గీశాడు. ఆ తాడు వంక చాలాసేపు చూశాను.

మార్చి 6

వాన. తాళ్ళు కొట్టుకుపోయాయి. సాయంత్రం మళ్ళీ పరిచాడు, ఇంకొంచెం చిన్నగా.

మార్చి 9, ఆదివారం

చర్చి నుంచి వస్తూ అక్క ప్లాన్ చూడటానికి ఆగింది. కౌతునా కాగితం మీద కూడా గీశాడు. ఓడలో ఉన్నట్టే ఒకదాని మీద ఒకటి, రెండు పడకలు. చాలా గర్వంగా చూపించాడు.

పైన ఎవరు పడుకుంటారని అక్క అడిగింది. నేను, రెరేయా, పిల్ల అన్నాడు. కింద ఎవరంటే, మామయ్య, మోకాళ్ళ నొప్పులు కదా అన్నాడు.

అక్క కాగితం అతని చేతికిచ్చేసింది.

"అయితే అల్లుడూ, రోజూ రాత్రి మీ మామ నెత్తి మీద కాళ్ళు చాపుకుని పడుకుంటావన్నమాట. మంచిది. పగలు కూడా ఎక్కి కూర్చో."

కౌతునా ముఖం పాలిపోయింది. పాపం, అతనికి తట్టనే లేదు. మా వాళ్ళం పసిపిల్ల తల కూడా ఊరికే ముట్టుకోం. అలాంటిది పెద్దవాడి తల మీద, అందులోనూ మామ తల మీద పడుకోవడమా? ఇన్నేళ్ళు ఓడలో పెద్దవాడి నెత్తి మీద కుర్రవాడు పడుకుంటుంటే చూసి చూసి మరిచిపోయాడు. ఓడలో తలలకు మర్యాద లేదత్తా అని గొణిగాడు. ఇది ఓడ కాదుగా, మునిగితే ఈత కొట్టుకుంటూ ఇంకో ఓడకి పోవడానికి అంది అక్క.

నేను ఏం పర్వాలేదు అన్నాను. ఎవరూ వినలేదు. నిజానికి పర్వాలేదనే హక్కు నాకు లేదు. ఆ మర్యాద నా ఒక్కడిది కాదు. మా నాన్నది, ఆయన నాన్నది కూడా.

మార్చి 12

కౌతునా దారి కనిపెట్టాడు. ఇంటిని ఆనుకుని మడుగు వైపు నాకు చిన్న పంచ దించుతాడట. నా తల మీద కప్పు తప్ప ఏమీ ఉండదు. అందుకు కావలసిన మంచి చెక్కలు ఓడ దిగినప్పుడు తెచ్చిపెట్టుకున్నవే ఉన్నాయి. వాటిని ఎండలో ఆరబెట్టాడు. బ్వేనా వాటి మీద కూర్చుని లెక్కలు చేసుకుంది.

నా కోసం ఎండుతున్న చెక్కలు. ఎంత బాగా వాసన వస్తున్నాయో.

మార్చి 15

కౌతునా పెద్దమ్మ కొడుకు ఇయోబి వచ్చాడు. చేపలు ఎక్కడ పడుతున్నాయో చెప్పాడు. వాళ్ళ పంది ఈనిన సంగతి చెప్పాడు. కొబ్బరి నీళ్ళు తాగాడు. మాటల మధ్యలో చెక్కల వైపు చూస్తూనే ఉన్నాడు. ఎందుకు వచ్చాడో నాకు అప్పుడే అర్థమైంది.

తర్వాత మూతి తుడుచుకుని, తమ్ముడూ బుబుటి అన్నాడు. మాలో అది బంధువుని ఇమ్మని అడిగే మాట. పడవ అడుగు పుచ్చిపోయిందట. ఆ చెక్కలు కావాలట.

బంధువు నోరు తెరిచి బుబుటి అన్నాక కాదనకూడదు. కాదన్నవాడి పేరు పిల్లల కాలం దాకా చెప్పుకుంటారు.  కౌతునా తనే చెక్కలు భుజాన వేసుకుని రోడ్డు దాకా మోసి, ఇయోబి బండిలో పెట్టి వచ్చాడు.

రెరేయా ఆ పూట చేప మాడబెట్టింది. అందరం తిన్నాం. బాగుందన్నాం.

ఇయోబిని తప్పు పట్టను. పడవ లేకపోతే అయిదుగురు పిల్లలు ఏం తింటారు? కౌతునా ఓడ మీద ఉన్నన్నాళ్ళూ మా ఇంటికి చేపలు తెచ్చి పడేసింది ఇతనే.

మార్చి 16

అబయాంగ్ పడవ గురువారం ఉందట. కనుక్కున్నాను.

మార్చి 17

నేను పడవ సంగతి అడిగానని రెరేయాకు తెలిసిపోయింది. ఈ ఊళ్ళో ఏదీ దాగదు. గుడ్డలు ఉతుకుతూ నా మీద అరిచింది. కుక్కని కూడా చోటు లేదని ఎవరూ పంపరు, నిన్ను పంపుతామా అంది. నేను వెళ్ళనని నోటితో చెప్పు నాన్నా అంది. చెప్పలేకపోయాను. నాకు మాటలు తొందరగా రావు.

చెక్కలు పోయాక ప్లానులో ఇల్లు ఒకటే గది అయింది. సగం గదికి మాత్రం పైన అటక. అటక మీద ఎవరూ పడుకోరు, పెట్టెలు పెడతారు. కింద నలుగురం పడుకుంటే బల్ల దించే చోటు కూడా ఉండదు. బ్వేనాని మళ్ళీ పడుకోబెట్టి చూశారు. ఈసారి పిల్ల గురక పెట్టలేదు.

మార్చి 18, మధ్యాహ్నం

గది ఫ్రేము నిలబెట్టేశారు. అటకకు మెట్లు కూడా అయ్యాయి. మామూలు మెట్లకు చోటు లేదు. అందుకని కౌతునా ఒక పలక ఎడమ కాలికి, దాని పైది కుడి కాలికి, అలా సగం సగం బిగించాడు. ఓడలో అలాగే ఉంటాయట. రెరేయా రెండుసార్లు కాలు తప్పి, ఇవి మనుషులకా, కోతులకా అని తిట్టింది.

వాళ్ళు భోజనానికి వెళ్ళారు. నేను ఒక్కణ్ణే ఉన్నాను.

ఎక్కాను.

మోకాళ్ళు పట్టేసే లోపలే పైన ఉన్నాను. నా కాళ్ళకు ఆ మెట్లు కొత్త కాదు. ముప్ఫై ఏళ్ళు పొద్దునా సాయంత్రం కొబ్బరిచెట్లెక్కి కల్లు గీశాను. చెట్టుకు కొట్టే గంట్లు కూడా ఇలాగే ఉంటాయి, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి. మోకాళ్ళు వాచాక రెరేయా చెట్టెక్కొద్దని ఒట్టు వేయించుకుంది. అప్పటి నుంచి ఎక్కలేదు.

దిగడం కొంచెం కష్టమైంది. మెల్లిగా దిగాను. ఎవరూ చూడలేదు.

రోజంతా ఒకటే ఆలోచన. నేను పైన ఉంటే ఎవరి తల మీద ఎవరు ఉన్నట్టు? ఇంత చిన్న సంగతి ఎవరికీ ఎందుకు తట్టలేదు? ముసలివాడంటే కిందే ఉంటాడని అందరం అనుకున్నాం. నేను కూడా.

మార్చి 19, బుధవారం

పొద్దున్నే చెప్పేద్దామనుకున్నాను. కర్రలు అందిస్తూ ఉండిపోయాను. మధ్యాహ్నమూ అంతే. రేపు పడవ. సాయంత్రం రెరేయా నేను పడవ కోసం కట్టుకున్న మూటలోంచి బట్టలు తీసి మళ్ళీ తాడు మీద ఆరేస్తోంది, కావాలనే, ఆరినవాటినే. అప్పుడు వెళ్ళి చాప మీద దాని ఎదురుగా కూర్చున్నాను. కౌతునా కూడా ఉన్నాడు.

పైన పడుకుంటానని అంటే వద్దంటుంది. మోకాళ్ళంటుంది. నాకు తెలుసు. అందుకని ఇలా అన్నాను.

"రెరేయా, బుబుటి. ఆ అటక నాకివ్వు."

కూతురు చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. తండ్రి కూతుర్ని అలా అడగడు. నేను ఆ మాట పుట్టాక ఎవరినీ అడగలేదు. సిగ్గు. పడవ కావాలన్నా, వల కావాలన్నా అడగలేక ఊరుకున్నవాణ్ణి.

"నువ్వు అడగడమేంటి నాన్నా?"

"అడిగాను."

"పడితే?"

"కింద పడుకునేది నువ్వేగా. నీ మీదే పడతాను."

అది నవ్వింది. తర్వాత చొక్కాలో ముఖం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత, ఎక్కి చూపించు ముందు అంది. చూపించాను. కింద ఇద్దరూ నాలుగు చేతులు చాపి నిలబడ్డారు, పనసపండు రాలుతుందన్నట్టు. నేను పైనుంచి కిందికి చూస్తే వాళ్ళ తలలు కనిపించాయి. అల్లుడి తల మీద జుట్టు అప్పుడే పల్చబడుతోంది. ఇన్నాళ్ళూ నాకు తెలియదు.

అడిగినవాడికి కాదనకూడదు కదా, ఇచ్చేశాను పో అంది.

 కౌతునా పట్టుకోవడానికి పక్కన ఒక కర్ర బిగించాలని టేపు తీసుకుని వెళ్ళాడు.

మార్చి 20

పడవ వెళ్ళింది. ఒడ్డు నుంచి చూశాను. బాగుంది పడవ.

ఏప్రిల్ 12

ఇవాళ కప్పు వేశారు. ఎవరినీ పిలవలేదు. అందరూ వచ్చారు. మొగలి ఆకు తడకలు ఇయోబి తన పడవలోనే తెచ్చాడు, కొత్త అడుగు వేసిన పడవలో. వాళ్ళావిడ, పిల్లలు, మా పినతండ్రి పిల్లలు, అందరూ కూర్చుని తాళ్ళు కట్టారు.

ఇయోబి ఇల్లంతా చుట్టి చూసి, పంచ వేస్తామన్నారు, ఏదమ్మా అని రెరేయాని అడిగాడు.

"పంచ మడుగులో చేపలు పడుతోంది బావగారూ, మీ పడవ కిందికి వంగి చూడండి."

అందరికంటే ఎక్కువగా ఇయోబే నవ్వాడు. వెళ్ళేటప్పుడు చేపల గుత్తి మెట్టుకు తగిలించి వెళ్ళాడు. చెప్పలేదు. తర్వాత చూసుకున్నాం.

ఒక్క చిక్కు మిగిలింది. బ్వేనా నా దగ్గరే పడుకుంటానంది. అంటే తల్లిదండ్రుల తల మీద పిల్ల. అందరూ అక్క వైపు చూశారు. అక్క చేప ముల్లు తీసుకుంటూ ఆలోచించింది. తాత చంకలో దూరిన పిల్లకి వేరే తల లెక్క లేదు, అది తాత తల లెక్కలోకే వస్తుంది అంది. అంతే. తీర్పు అయిపోయింది.

బల్ల దించి అన్నం తిన్నాం. నలుగురం పట్టాం. అక్కతో అయిదుగురం. మోచేతులు తగిలాయి. తగలనీ.

అందరికీ నా దండాలు. నోటితో చెప్పలేను గనక ఇక్కడ రాస్తున్నాను.

ఏప్రిల్ 14, తెల్లవారుజాము

పైన నిలబడటానికి లేదు. కప్పు తలకు తగులుతుంది. అందుకని లేచినప్పుడు నడుము వంచి, చెయ్యి ముందుకు చాపి నడుస్తాను. కూర్చున్న పెద్దల ముందు నుంచి పోవాలంటే మేం అలాగే పోతాం. ఈ ఇంట్లో నాకంటే పెద్దవాళ్ళు లేరు. ఎవరి ముందు వంగుతున్నానో తెలియదు. వంగడం మాత్రం బాగుంది.

చదివేవాళ్ళెవరైనా ఉంటే, మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎక్కడ పడుకుంటారు? త్వరగా జవాబు రాయండి.