టీవీ పాడవలేదు

తమ్ముడూ,

నువ్వు పిలిచిన కోదాడ షోరూమ్ వాళ్లు పాత టీవీ తీసుకెళ్లడానికి వస్తే తిప్పి పంపు. బొమ్మ, శబ్దం నిక్షేపంగా ఉన్నాయి. నేను పరీక్ష డ్యూటీకి మిర్యాలగూడ వెళ్తున్నాను. పదింటికి సూర్యాపేట చర్చి ఆరాధన ఆన్‌లైన్‌లో మొదలవుతుంది. ఆలోపు నీ ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో టీవీకి తగిలించి అమ్మకు పెట్టు. కేబుల్ బల్ల మీద ఉంది.

నిన్న టీవీ కంపెనీకి ఫోన్ చేసి, ఆరాధన చూసే యాప్ ఎందుకు తెరుచుకోవడం లేదని అడిగాను. "ఆ మోడల్‌కు అప్‌డేట్లు ఆపేశాం మేడమ్, ఇక ఆ యాప్ రాదు. కొత్తది తీసుకోండి" అన్నాడు, సంతాపం చెబుతున్నంత మెత్తగా. పనిచేస్తున్న వస్తువును ఎక్కడో కూర్చుని చచ్చిందని ప్రకటించే హక్కు వీళ్లకెవరిచ్చారు? అమ్మిన రోజు ఈ గడువు సంగతి ఒక్కడైనా చెప్పాడా? ఇప్పుడు తెర మీద ఇంగ్లీషులో ఒక ముక్క పడేసి ఊరుకున్నారు. అది చదవలేని మనిషి తప్పు తనదే అనుకుంటుంది.

అమ్మ అదే అనుకుంది. యాప్ ఆగిపోయిన రోజు నువ్వు నవ్వుతూనే "ఏం నొక్కినవమ్మా?" అన్నావు. అప్పటి నుంచి ఆమె రిమోట్ ముట్టడం లేదు. రాత్రి పాస్టరమ్మకు ఫోన్ చేసి, "నా చేతులతోటే ఖరాబు జేసిన, జర మా టీవీ కోసం ప్రార్థన జేయమ్మా" అంటోంది. నాకు నవ్వు రాలేదు.

తన తప్పేమీ లేదని నేను చెబితే ఓదారుస్తున్నాననుకుంటుంది. ఆ మాట అడిగినవాడివి నువ్వే చెప్పు.

అక్క

మరిచాను, టీవీ నువ్వు వేయకు. రిమోట్ అమ్మ చేతికిచ్చి పక్కన కూర్చో. ఎంతసేపైనా ఆగు.