చీపుళ్ల గది తాళం

బావా,

మన హైడ్రోజన్ బస్సుల డిపోలో మంటను పసిగట్టే యంత్రాలు నెలలోగా పెట్టిస్తానని ఇరవై రెండేళ్ల కిందట మాటిచ్చావు. అవి రాలేదు. ఇప్పుడేమో డిపో వార్షికోత్సవంలో మాట్లాడమని నీ పిలుపు వచ్చింది.

హైడ్రోజన్ మంట పట్టపగలు కంటికి ఆనదు. అందుకే ఎక్కడైనా గ్యాస్ లీకైందని అనుమానమొస్తే, మా పనివాళ్లు పొడవాటి చీపురు ముందుకు చాపి నడిచేవాళ్లు. అది అంటుకుంటే ఆగిపోయేవాళ్లు. అతిథులొచ్చిన రోజున నువ్వేమన్నావో గుర్తుందా? "ఇంత ఖరీదైన బస్సుల పక్కన చీపుళ్లేంట్రా, పరువు తియ్యడానికా? ఆ గదిలో పడేసి తాళం పెట్టండి."

ఆ మధ్యాహ్నం మూడో పంపు దగ్గర ఈల వేసినట్టు శబ్దమొచ్చింది. మా తమ్ముడు చీపుళ్ల గదికి పరుగెత్తి, తాళం చూసి వెనక్కొచ్చాడు. "బస్సులో మనుషులున్నారన్నా!" అని అరిచి, వట్టి చేతులతో వాల్వు కట్టేయడానికి వెళ్లాడు. చొక్కా అంటుకునేదాకా వాడు మంటలో ఉన్నాడని ఎవరికీ తెలియలేదు.

డిపో అధికారిగా నువ్విచ్చిన నివేదికలో వాడి చావుకు కారణం 'కార్మికుడి అజాగ్రత్త' అని రాశావు. వాడి కూతురు ఇప్పుడు అదే డిపోలో డ్రైవరు. తండ్రి గురించి అడిగితే అక్కడివాళ్లు ఆ ముక్కే ఆమెకు చూపిస్తున్నారు. దాన్ని కొట్టేసి, జరిగింది రాసి, సంతకం పెట్టు. అప్పుడే వస్తాను.

రాసేటప్పుడు ఏదీ దాచకు. తాళం వెయ్యమన్నది నువ్వు. నిన్ను తిట్టకుండా నాకు పొద్దు గడవదు. కానీ ఆ తాళంచెవి జేబులో వేసుకుని, నీ వెనకాల అతిథులకు పూలగుత్తులందిస్తూ నిలబడినవాణ్ణి మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేదు. వాడు ఈ ఉత్తరం కింద సంతకం పెడుతున్న నీ పెద్ద బావమరిది.