గడప దగ్గర అడిగిన ప్రశ్న

అక్కా,

నీ మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మకి దగ్గు ఎలా ఉంది? నాన్న వేళకి తింటున్నాడా? నువ్వు పోయి వాళ్ళ దగ్గర చేరి నేటికి ఏడాది. అయినా అడక్కుండా ఉండలేను. ఇక్కడ అమెరికాలో, బెంటన్‌విల్‌లో నీ కూతురింట్లో నా బీపీ తప్ప అంతా కులాసా.

నీ మనవరాలు హాసిని ఇవాళ థాయిలాండ్ వెళ్ళింది. అక్కడ సముద్రం మీద పడవల్లో బతికే మోకెన్ వాళ్ళున్నారట. మనం ‘నేను చేప తిన్నాను’ అంటే, వాళ్ళు ‘నేను తిన్నాను చేప’ అనే వరసలో చెప్తారట. మరి ప్రశ్న అడిగేటప్పుడు ఏ మాట ఎక్కడ పెడతారో వాళ్ళ నోటే విని రాసుకోవాలట. అదీ దీని చదువు. ఈత కూడా సరిగ్గా రాదు దీనికి!

గడప దాటుతుంటే నా నోరు జారింది. “ఇంత దూరం ఎక్కడికే తల్లీ?” అనేశాను. బయల్దేరేవాళ్ళని ఎక్కడికని అడిగితే నువ్వెంత కేకలేసేదానివి!

“ఇట్స్ ఓకే చిన్నమ్మమ్మా, థాయిలాండ్ వైపు అది పలకరింపే” అని నవ్వింది.

“వాళ్ళ సంగతి వాళ్ళది. లోపలికొచ్చి కూర్చో.”

బయట నీ కూతురు హారన్ కొడుతోంది. “ఫ్లైట్ మిస్ అవుతాను!” అంది ఇది. నేను వదల్లేదు. నువ్వు చేసినట్టే కూర్చోబెట్టి, గ్లాసుడు మంచినీళ్ళు తాగించి, మళ్ళీ బయల్దేరదీశాను. వెళ్ళొద్దని మాత్రం అననే లేదక్కా.

ఈసారి గడప దగ్గర నువ్వు ఒప్పుకునే ప్రశ్నే అడిగాను, “ఎప్పుడొస్తావే?” అని.

“డిసెంబర్ ఇరవై. ఎయిర్‌పోర్ట్ నుంచి నీ దగ్గరికే” అంది.