వదులు దండెం

ఏమండీ, నేను క్షేమం, గాలికేం కొట్టుకుపోలేదు.

నిన్న పొద్దున తమ్ముడి తెరచాప పడవలో ఈ చిన్న దీవి రేవుకి చేరాం. గట్టుకి తాడు నేనే కట్టాను, మన పెరట్లో బట్టల దండెం ఎలా ఉండాలంటానో అలా లాగి బిగించి. మధ్యాహ్నానికి ఆటు వచ్చి నీళ్లు దిగిపోయాయి. పడవ తాడుకి వేలాడుతూ ఓ పక్కకి ఒరిగింది. నిద్రపోతున్న తమ్ముడు దొర్లుకుంటూ వచ్చి గిన్నెల మీద పడ్డాడు. దెబ్బలేం తగల్లేదు. రేవు కాపలాదారు కత్తితో తాడు కోస్తూ, "ఏమ్మా, పడవని ఆరేశావా?" అన్నాడు.

బీపీ మాత్రలు వేసుకుంటున్నారా? కుండీలకి నీళ్లు పొయ్యండి. అత్తయ్యగారికి దణ్ణాలు.

మీరు కట్టిన దండెం వదులుగా ఉందని బయల్దేరే రోజు కూడా మిమ్మల్ని సాధించాను కదా! దాన్ని అలాగే ఉంచండి. వచ్చాక కూడా నేను ముట్టుకోను.